ఫ్యాను కింద మంచం

మే 8, 1978. సోమవారం

ఆసుపత్రిలో మూడో రోజు. కాలి పుండు కోసి చీము తీశారు. సలుపు అలాగే ఉంది... ఇక్కడ నాకు పేరు లేదు, బళ్లోలా పంతులమ్మనీ కాదు. ఆరో నంబరు, అంతే. మంచం కాళ్ల దగ్గర వేలాడే అట్టకి నా కాగితం — రెండు పూటలా షుగరు మాత్ర. పైన ఎర్ర సిరాతో ‘పెన్సిలిన్ పడదు’. కిందటేడు గుడివాడలో ఒక్క సూదికే ఊపిరాడక చచ్చి బతికాను. ఆ ఎర్ర సిరా కనబడుతుంటే కాస్త ధైర్యం.

మే 9

బందరు ఎండ. ఫ్యాను నా మంచం మీదే. పక్కన ఏడో నంబరు కరీమా పిన్నిగారు, నెమ్ము చేసి వచ్చింది. అద్దకం పని మానేసి ఏళ్లయినా ఆవిడ గోళ్ల సందుల్లో రంగు పోలేదు. కిటికీలోంచి ఎండంతా ఆవిడ మీదే. పెద్దావిడ అలా ఉడికిపోతుంటే నేను గాలికి పడుకోవడమేమిటి? మీరిటు రండి పిన్నిగారూ అన్నాను. “నీకెందుకమ్మా కష్టం, కాలు బాగాలేని దానివి...” అంటూనే వచ్చింది. దిండ్లు, చెంబులు మార్చుకున్నాం.

సాయంత్రం నాకు మాత్ర రాలేదు. ఆపేశారేమో. అడిగే ఓపిక లేదు.

మే 10

పొద్దున కూడా రాలేదు. పిన్నిగారు రాత్రి నుంచి గంజి ముట్టలేదు. చెమటలు, మగత. “వడదెబ్బండీ” అంది ఆయా.

పదింటికి కొత్త సిస్టరు సూదితో వచ్చింది. డ్యూటీ మారిందట. వస్తూనే నా చెయ్యి పట్టుకుంది. ఏం మందండీ? “ఏడో నంబరుకి రోజూ వేసేదేనమ్మా. చదువుకున్నవాళ్లతో ఇదే తంటా.” వార్డంతా నన్నే చూస్తోంది. సిగ్గేసింది. అయినా మళ్లీ అడిగాను. “పెన్సిలిన్” అంది.

చెయ్యి లాగేసుకున్నాను. నేను ఆరో నంబరునండీ...

అంటుంటే తట్టింది. దిండ్లు మార్చాం. కాగితాలు మార్చలేదు. నా మాత్రలు రెండు పూటలూ పిన్నిగారు మింగింది. షుగరు లేని మనిషి, ఖాళీ కడుపుతో.

ఎంత గట్టిగా అరిచానో తెలియదు. ఆవిడకి గ్లూకోజు ఎక్కించారు. డాక్టరుగారు ఎవర్నీ ఏమీ అనకుండా అట్టలు రెండూ తీసి ఇటుది అటు తగిలించారు. నా మాత్ర నాకిచ్చారు. మింగడానికి భయమేసింది.

నిన్న సాయంత్రం ఒక్క మాట అడిగి ఉంటే.

మే 11

కళ్లు తెరిచింది. నన్ను పోల్చుకోలేదు.

మే 12

లేచి కూర్చుంది. రెండు ముద్దలు తింది. అమ్మయ్య.

మధ్యాహ్నం ఆవిడ కొడుకు దివిసీమ నుంచి వచ్చాడు. అమ్మకి ఏమైందండీ అని అడిగితే, “వడదెబ్బ” అంది సిస్టరు, నా వైపు చూడకుండా. నేను చెప్పాల్సింది. పిన్నిగారేమో నన్నే చూపిస్తోంది — “పంతులమ్మ తన మంచం నాకిచ్చిందిరా. ఆ గాలికే నిలబడ్డాను.” ఇద్దరు పిల్లల తండ్రి, నాకు చేతులు జోడించాడు. నేనూ జోడించాను.

సాయంత్రం పాలు తెస్తాడట. నాకు కూడా.