ఫ్రిజ్‌లో చలికాలం

సెంబవాంగ్,
బుధవారం

ఒరేయ్ అనిరుధ్,

మీ ఆర్మీ కంపెనీ వాళ్లు మీ నాన్నకి మెసేజ్ పెట్టారట. కొత్తగా సైన్యంలో చేరిన పిల్లలకి ఇంటి మీద బెంగగా ఉంటుందట, ఇళ్ల నుంచి ఒక్కో ఉత్తరం వస్తే ఒకరోజు కూర్చోబెట్టి అందరికీ పంచుతారట. మీ నాన్న తన పేజీ ఇంగ్లీషులో గబగబా రాసేసి, ఇంకో కాగితం నా ముందు పెట్టి, పెన్ను మూత కూడా తీసి ఇచ్చి షిప్‌యార్డుకి వెళ్లారు. అందరి పిల్లలకీ అమ్మ ఉత్తరం వచ్చి నీకు రాకపోతే బాగుండదు. అందుకని రాస్తున్నాను. కోపం పోయిందనుకునేవు, పోలేదు.

ఎందుకు కోపమో నీకు తెలుసు. అయినా రాస్తాను, నన్ను పూర్తిగా చెప్పనిచ్చిందెవరు కనక? ఐదేళ్ల నీ చెయ్యి పట్టుకుని ఈ దేశం వచ్చాం. ఇక్కడ పర్మినెంట్ రెసిడెన్సీ తీసుకున్నాం కాబట్టి పద్దెనిమిదేళ్లు నిండితే మగపిల్లలు రెండేళ్లు సైన్యంలో చెయ్యాలి. ఆ వయసు రాకముందే ఆ రెసిడెన్సీ వదులుకుని వెళ్లిపోయిన వాళ్లూ ఉన్నారు. మీ మావయ్య విశాఖలో కాలేజీ సీటు మాట్లాడి ఉంచాడు. నీ సూట్‌కేసులో ఏమేం సర్దాలో నేను మనసులో అనుకుని పెట్టుకున్నాను. ఒక ఆదివారం అన్నాల దగ్గర, పెరుగు గిన్నె ముందుకి లాక్కుంటూ, “అమ్మా, నేను ఆర్మీకి వెళ్తున్నాను. నాన్నకి చెప్పేశాను” అన్నావు. నాన్నకి అప్పటికే నెల రోజులై తెలుసట. ఇంట్లో ఉండేది ముగ్గురం. ఇద్దరికి తెలిసిన సంగతి మూడోదానికి తెలియదు. రెండేళ్లు పోతాయన్న బాధ ఉంది, తుపాకీ అంటే భయం ఉంది, కాదనను. అవన్నీ ఒక ఎత్తు, నన్ను ఒక్కమాట అడగకపోవడం ఒక ఎత్తు.

నిన్ను దింపడానికి తల్లిదండ్రులందరూ పడవెక్కి, ట్రైనింగ్ జరిగే టెకోంగ్ దీవికి వెళ్లారు. నేను వెళ్లలేదు. పుల్ అప్స్ రాలేదని నిన్ను మామూలు వాళ్లకంటే రెండింతల కాలం అక్కడ ఉంచుతారని విని, నా చేతి తిండి తిన్నవాడికి అదీ రాకుండా పోయిందా అని ఇంకాస్త మండింది. మొన్న శనివారం మొదటిసారి ఇంటికొచ్చావు. గుండు, మాడిన మొహం. గుత్తి వంకాయ చేసి పెట్టాను, బట్టలుతికాను, మాట్లాడలేదు. నోరు తెరిస్తే తిడతానో ఏడుస్తానో నాకే తెలియక ఊరుకున్నాను.

ఇక నీ మేపుల్ చెట్టు సంగతి. కారిడార్‌లో ఇన్ని మొక్కలు పెంచుతుంటే నీకు పదమూడో ఏట ఆ జపాన్ చెట్టే కావలసి వచ్చింది. కొత్త సంవత్సరం అలంకరణకి తెప్పించి, అమ్ముడుపోక, సగం ఎండిందాన్ని నర్సరీ వాడు వదిలించుకుంటుంటే నువ్వు చంకనెత్తుకుని బస్సెక్కావు. దీనికి చలికాలం కావాలమ్మా, ఇక్కడ ఏడాదంతా ఒకటే ఎండ, నిద్రపోకపోతే అలిసిపోయి చచ్చిపోతుంది అన్నావు. నీ మాట పట్టుకుని మీ నాన్న ఫ్రిజ్‌లో ఒక అర తీసేశారు. ఏడాదికోసారి ఆకులు రాలాక దాన్ని కుండీతో సహా అందులో నిద్రపుచ్చుతూ వచ్చావు. నీ ముచ్చట కదా అని నేనూ సర్దుకున్నాను.

వెళ్లేటప్పుడు నాకు పాఠం చెప్పి వెళ్లావు. ఆకుల అంచులు ఎండి రాలుతుంటే ఏమీ చెయ్యొద్దు, ఎరువు మానెయ్, నీళ్లు తగ్గించు, అన్నీ రాలాక ఫ్రిజ్‌లో పెట్టు. కడియంలో వీరాస్వామి నర్సరీలో పుట్టి పెరిగినదాన్ని, మొక్క ఆకు రాలుస్తుంటే చేతులు కట్టుకుని చూస్తానా? వేరుశెనగ చెక్క నానబెట్టి, ఆ నీళ్లు వారానికి రెండుసార్లు పోశాను. వాసనకి పక్క ఫ్లాట్ తాహెరా తలుపు మూసుకుంది. పోతే పోయింది, చెట్టు మాత్రం చిగురు పెట్టింది. లేత ఎరుపు చిగుళ్లు, ఒక్కోటి బొటనవేలంత. నిద్రా లేదు గిద్రా లేదు. మొక్కకైనా మనిషికైనా అడిగి చెయ్యాలి, చూసి పెట్టాలి, అంతే.

ట్రైనింగ్ అయ్యాక పెరేడ్ ఉంటుందని, దానికి అమ్మానాన్నలు వస్తారని మీ నాన్న ఇప్పటినుంచే చెవిలో పోరుతున్నారు. నేను రాను. తరవాత బాధపడకుండా ముందే చెబుతున్నాను. వేళకి తిను. పాదాలు తడిగా ఉంచుకోకు.

కోపంగానే ఉన్న
అమ్మ


సెంబవాంగ్,
శుక్రవారం

అనీ,

ఈసారి ఎవరూ రాయమనలేదు. నువ్వు ప్రతి శనివారం వచ్చి, చెట్టెలా ఉందమ్మా అని అడుగుతున్నావు, నేను బాగానే ఉందని వెనక్కి తిరిగి గిన్నెలు కడుగుతున్నాను. బాగానే లేదు. ఎదురుగా చెప్పే ధైర్యం లేక కాగితం తీసుకున్నాను.

నేను గొప్పగా రాశానే, ఆ చిగుళ్లు, వారం తిరక్కుండా నల్లబడి వేలాడిపోయాయి. ఎండ తగిలిందేమో అని లోపలికి మార్చాను. గాలి చాలలేదేమో అని బయటికి మార్చాను. ఇంకా రెండు గ్లాసులు చెక్క నీళ్లు పోశాను. పక్క కొమ్మ ఒకటి మొదలంటా ఎండింది. నా చేతిలో మొక్క అలా అవడం నేనెన్నడూ ఎరుగను. ఆ పూట కుండీ ముందు కూర్చుని ఏడ్చాను. తాహెరా కారిడార్‌లోకి వచ్చి చూసి, “ఏందక్కా, చెట్టుకు ఏమన్నా ఐతే పిల్లగాడు అడుగుతడని భయమా?” అంది. అడగడు, వాడు ఏదీ అడగడు, అదే నా బాధ అన్నాను. తను నా పక్కనే చాప మీద కూర్చుంది. “వాడు చెప్పిపోయినట్టు చేసి చూడరాదూ” అంది.

సరే, చేశాను. ఎరువు మానేశాను. నీళ్లు తగ్గించాను. ఎండిన కొమ్మ కోసేశాను. మిగిలిన ఆకులు రోజుకి కొన్ని రాలుతుంటే చూస్తూ ఊరుకున్నాను. నీకు తెలియదు, నాకు అది ఎంత కష్టమో! చెయ్యి ఊరికే ఉండనివ్వదు, ఏదో ఒకటి పొయ్యాలనిపిస్తుంది, కదపాలనిపిస్తుంది. అన్నీ రాలి మోడైపోయాక గోటితో బెరడు కాస్త గీరి చూశాను. లోపల పచ్చగా ఉంది. అప్పుడు నీ మాట మీద నాకు మొదటిసారి నమ్మకం కుదిరింది.

ఇక ఫ్రిజ్ భాగోతం. పండ్ల నుంచి వచ్చే గాలి మొగ్గలకి పడదన్నావు కదా, యాపిల్సూ అరటిపండ్లూ హాల్లోకి వెళ్లాయి. దోసెల పిండి తాహెరా వాళ్ల ఫ్రిజ్‌లోకి వెళ్లింది. దోసె తినాలంటే పొద్దున్నే వాళ్ల బెల్లు కొట్టాలి. ఇప్పుడు వాళ్లింట్లో కూడా వారానికి మూడు రోజులు దోసెలే. మీ నాన్న పాలకోసం తలుపు తీసిన ప్రతిసారీ, మాట్లాడకండి, వాడి చెట్టు పడుకుంది అని నేనే అనడం మొదలుపెట్టాను. ఆయన నవ్వి తలుపు మెల్లగా మూసేవారు.

రెండు నెలలు పడుకోనిచ్చి, మొన్న సోమవారం బయటికి తీశాను. మట్టి కాస్త తడిపి, నీడలో పెట్టి, పొద్దునా సాయంత్రం నీళ్లు చిలకరిస్తున్నాను. కొమ్మల చివర మొగ్గలు ఉబ్బాయి. ఇంకా విప్పలేదు. ఈసారి నా గొప్ప ఏమీ లేదు, అదే లేస్తోంది.

వచ్చే శనివారమే కదా మీ పెరేడ్. ఇరవై నాలుగు కిలోమీటర్లు నడిచి వస్తారట, అయ్యాక అమ్మానాన్నలు టోపీ పెడతారట. మీ నాన్న చొక్కా ఇస్త్రీ చేయించుకున్నారు. నేను రాలేనురా. మొగ్గ విచ్చే సమయం, మనిషి దగ్గర ఉండాలి, వేడిగాలి ఒక్కసారి కొట్టిందంటే మళ్లీ మొదటికొస్తుంది. నాన్న వస్తారు, చాలు. నేను చెట్టు దగ్గర ఉంటాను.

అమ్మ


ఇంట్లోనే,
ఆదివారం

అమ్మా,

నువ్వు లోపల వంట చేస్తున్నావు. నేను రూమ్‌లో కూర్చుని రాస్తున్నాను. తెలుగులో రాయడం నాకు స్లో, నవ్వకు. సెలవుల్లో నువ్వు పలక మీద నేర్పించినప్పుడు నేను బాగా ఏడ్చాను, ఇప్పుడు పనికొచ్చింది.

నీ మొదటి ఉత్తరం మా సార్జెంట్ ఇచ్చినప్పుడు అందరూ చదివి ఏడుస్తున్నారు. నాది మాత్రం ఫుల్‌గా తిట్లే. మేము పడుకునే బంక్‌లో నా పక్కవాడు రాహుల్, తెలుగు వాడే కానీ చదవడం రాదు, ఏముంది అని అడిగాడు. మా అమ్మ నన్ను మిస్ అవుతోంది అని చెప్పాను. నిజమే కదా?

చెట్టు విషయం నాన్న అప్పుడే చెప్పేశారు. కొమ్మ పోయిందని కూడా చెప్పారు. నేను నిన్ను అడిగింది చెట్టు కోసం కాదమ్మా. నీతో మాట్లాడ్డానికి ఇంట్లో అదొక్కటే టాపిక్ ఉంది.

నువ్వు రాశావు, వాడు ఏదీ అడగడు అని. అది నేను చాలాసార్లు చదివాను. ఇప్పుడు ఎందుకు అడగలేదో చెప్తాను. నేను పెరిగింది ఈ కారిడార్‌లో. ప్రైమరీ నుంచి నాతో ఆడుకున్న వాళ్లందరూ టెకోంగ్‌కి వెళ్తుంటే, నేనొక్కడినే సూట్‌కేస్ పట్టుకుని ఎయిర్‌పోర్ట్‌కి వెళ్లలేను. వెళ్తే మళ్లీ ఇది నా ఇల్లు అని ఎట్లా చెప్పుకుంటాను? ఈ సంగతి నాన్నతో ఈజీగా చెప్పాను, ఎందుకంటే నాన్న వద్దన్నా నేను వెళ్లగలను. నువ్వు వద్దంటే నేను వెళ్లలేను. ఆగిపోతాను. ఆగిపోయి, తర్వాత ఎప్పుడైనా నీ మీద కోపం వస్తుందేమో అని భయం వేసింది. అందుకే అడగలేదు. సారీ అమ్మా. నువ్వు లెక్కలో లేక కాదు.

పెరేడ్ రోజు చెట్టు దగ్గర ఉండాలన్నావు. ఒక్క పూట నీళ్లు చిలకరించకపోతే మేపుల్ చావదు. నాకు తెలుసు. నీకు ఇంకా బాగా తెలుసు. ఒకవేళ చచ్చిపోయిందే అనుకో, పర్లేదులే. ఐదేళ్లు ఉంది. మళ్లీ ఇంకోటి పెంచుకుందాం.

ఇప్పుడు అడుగుతున్నాను. నువ్వు వస్తావా? రానంటే నేనేమీ అనను.

ఈ ఉత్తరం దిండు కింద పెడుతున్నాను. సోమవారం నువ్వు గలీబు మారుస్తావు కదా.

అనిరుధ్


సెంబవాంగ్,
మంగళవారం

నా బంగారు అనీ,

గలీబు మార్చాను. చదివాను. మళ్లీ చదివాను. స్టవ్ మీద పప్పు అడుగంటింది. మీ నాన్న వాసన పట్టి వంటింట్లోకి వచ్చి, నా మొహం చూసి, ఆ పప్పే వడ్డించుకుని తిన్నారు. ఈ ఉత్తరం ఆయన చేతే పంపిస్తున్నాను, క్యాంప్ అడ్రసు నాకు ఎప్పుడూ సరిగ్గా రాయడం రాదు.

నిజం చెబుతాను. ఆ ఆదివారం నువ్వు వెళ్లనా అని అడిగి ఉంటే వద్దనేదాన్ని. ఏడ్చి, అన్నం మానేసి, నీ చేత విశాఖ టికెట్టు కొనిపించేదాన్ని. నువ్వు ఆగిపోయేవాడివి. ఇన్నాళ్లూ నన్ను అడగలేదని ఊరంతా చెప్పుకుని ఏడ్చాను కానీ, అడిగితే ఏం చేసేదాన్నో ఒక్కసారీ ఆలోచించుకోలేదు. నన్ను నాకంటే బాగా చదివావు. నీకు కోపం వచ్చి నాకు దూరమయ్యేకంటే, నాకు కోపం వచ్చి ఇంట్లోనే మూతి ముడుచుకు కూర్చోవడం నయం. ఇక ఆ కోపం లేదు. ఎక్కడికి పోయిందో వెతికినా దొరకడం లేదు.

తుపాకీ భయం మాత్రం ఉంది, అది నాతోనే ఉంటుంది. రెండేళ్లు పోతాయన్న బాధ కూడా కాస్త ఉంది, అదీ ఉండనీ. అమ్మని కదా.

చెట్టు నిన్న సాయంత్రం రెండు ఆకులు విప్పింది. చిన్నవి, ముడతలు పడి ఉన్నాయి. కోసేసిన కొమ్మ వైపు ఖాళీగా, ఒక పక్కకి ఒరిగినట్టే ఉంటుంది ఇకమీదట, అలవాటు చేసుకో. శనివారం తాహెరాకి అప్పగించాను. ఏం పొయ్యాలి అని అడిగింది. నీళ్లు చిలకరించి ఊరుకో, ఇంకేమీ చెయ్యొద్దు, చెయ్యాలనిపించినా చెయ్యొద్దు అని గట్టిగా చెప్పాను.

నేను వస్తున్నాను. నేను రానన్నా నువ్వు ఏమీ అననన్నావే, ఆ మాట ఒక్కటే నచ్చలేదు, అనాలి. మీ నాన్నకి కూడా చెప్పేశాను, టెకోంగ్‌లో దింపే ముచ్చట ఆయన తీర్చుకున్నారు కాబట్టి ఈసారి పక్కన నిలబడి ఫొటో తియ్యమని. నువ్వు కాస్త వంగు. టోపీ నేను పెడతాను.

అమ్మ