పసుపు తీగ వేరు

సూళగిరి,
15 సెప్టెంబరు 2025

గౌరవనీయులైన రంజిత అక్కకు విఘ్నేష్ నమస్కారాలు. ఇక్కడ మేమంతా బాగున్నాం. బెంగళూరులో మీ పరిశోధనకు ఏ ఆటంకమూ రాకూడదని కోరుకుంటున్నాను. ఈ మాట కోపం లేకుండానే రాస్తున్నాను, నమ్మండి.

హోసూరులో మా చదువరుల సంఘానికి మీరొచ్చిన రోజు నేను అరిచాను. జీవం మెట్టు మెట్టుగా పైకే ఎక్కుతుందనీ, సమాజమూ అంతేననీ నేను చదివిన కరపత్రాలన్నీ చెప్పాయి. మీరేమో ఎక్కినవి కొన్ని, దిగినవి కొన్ని, ఉన్నచోటే ఉన్నవి బోలెడు, లెక్కపెట్టకుండా తీర్పు చెప్పకూడదన్నారు. కోట్ల ఏళ్లలో రొయ్యజాతి జీవుల కాళ్లు ఎన్నెన్ని రకాలయ్యాయో ఆరేళ్లుగా రాసుకున్న నోటుబుక్కు చూపించారు. రొయ్య కాళ్లు లెక్కపెడితే కూలోడి బతుకు మారుతుందా అని అడిగాను. మీరు నవ్వి, బేరిగై కంచెల మీద అల్లుకునే పసుపు తీగ గింజలు మొలకెత్తించి చూడప్పా అన్నారు.

ఆ సాయంత్రమే నోటుబుక్కు పోయింది. మిమ్మల్ని బస్టాండులో దించిన అంకప్ప మొన్నటిదాకా ఆటో సీటు ఎత్తి చూపించేవాడు, ఆయమ్మ ఆరేండ్ల కష్టం నా బండిలోనే పోయిందే అని. మా సంఘంవాళ్లు అతని ఆటో ఎక్కడం మానేశారు.

మీది తప్పని నిరూపించడానికే గింజలు తెచ్చాను. ఆ తీగకు ఆకు లేదు, వేరు లేదు, పక్క మొక్క రసంతో బతుకుతుంది. తినే పళ్లెంలో కలుపు పెంచేవాణ్ణి నిన్నే చూసినానప్పా అని మా వరమ్మవ్వ తిట్టింది. ఇసుకతో రుద్ది, పళ్లెంలో తడిగుడ్డ మీద ఇరవై వేశాను. పదకొండు మొలిచాయి. పదకొండింటికీ పిసరంత వేరు. పక్కన పెట్టిన బంతి మొక్కను చుట్టుకున్నాక ఆ వేరు ఎండిపోయింది. ఉన్నది వదిలేసుకుని కూడా అది నిక్షేపంగా బతుకుతోంది. నాకు కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియలేదు.

వచ్చే ఆదివారం కృష్ణగిరిలో పంచే నా కరపత్రంలో 'జీవం ఎప్పుడూ పైకే' అన్న వాక్యం కొట్టేశాను. న్యాయం దానంతటదే రాదు, మనమే తేవాలి అని రాశాను.

మీ తమ్ముడిలాంటి
విఘ్నేష్

తా.క. నోటుబుక్కు ఆటోలో పోలేదు. మీరు చేతులు కడుక్కోవడానికి వెళ్లినప్పుడు మీ సంచిలోంచి నేనే తీశాను. సంఘంలో అందరి ముందూ ఒప్పుకుని అంకప్పను క్షమించమని అడిగాను. నాకెందుకు చెప్తావప్పా, ఆయమ్మకు చెప్పు అన్నాడు. నోటుబుక్కును ఈ ఉత్తరంతో పాటు పంపుతున్నాను. మీ అంకెలు ఒక్కటీ ముట్టలేదు. చివరి పేజీలో మాత్రం పెన్సిలుతో రాశాను: గింజలు ఇరవై, మొలిచినవి పదకొండు, వేరు వచ్చినవి పదకొండు. ఉండకూడదనుకుంటే చెరిపేయండి.