మూడేళ్ల తాతయ్య

సోమవారం

ప్రియమైన అమ్మమ్మకు,

ఫోన్లో నీకు సగమే వినబడుతుంది. ఆ సగాన్ని కూడా మామయ్య మధ్యలో దూరి తనకు నచ్చినట్టు మార్చి చెబుతాడు. అందుకే ఉత్తరం.

నువ్వు అడిగిన పని మొదలుపెట్టాను. నువ్వు పెరిగిన ఊళ్లోనే ఉంటూ, మూడేళ్లకే పోయిన నీ తమ్ముడి పేరు ఒక్కచోటైనా రాసి ఉందేమో వెతకలేకపోతే, నేను కాలేజీలో చరిత్ర చదివి ఏం లాభం?

పుట్టిన రికార్డు ఇక లేనట్టే. మీ అమ్మగారి పుట్టింటి ఊరి ఆఫీసుకు రాస్తే, ఆ ఏడాది రిజిస్టరు వరదలో నానిపోయిందని ఒక్క వాక్యంలో జవాబు వచ్చింది. మిగిలింది ఇక్కడి మరణాల రిజిస్టరే.

రికార్డుల గది చూసేది ఒక పెద్దావిడ. నడుముకు ఇంత తాళాలగుత్తి. అందరూ తాళాలావిడ అనే పిలుస్తారు.

"బతికున్నవాళ్ల సర్టిఫికెట్లకే దిక్కు లేదు, నీకు డెబ్భై రెండేళ్ల కిందటివి కావాలా?" అంది.

"మా చిన్నతాతయ్య కోసమండీ."

"ఎన్నేళ్లకు పోయాడేం?"

"మూడేళ్లకు."

కళ్లద్దాల పైనుంచి చూసింది. "మూడేళ్లకు పోయినవాడికి ఇంత మనవరాలా! బాగానే ఉంది మీ వంశం."

నవ్వేసి తలుపు తీసింది. మీ నాన్న, మా ముత్తాత, గుమాస్తాగా పనిచేసిన గది అది. ఎత్తైన కిటికీలోంచి మధ్యాహ్నపు ఎండ ఏటవాలుగా పడుతుంది. అందులో దుమ్ము ఎక్కడికీ వెళ్లే తొందర లేనట్టు తిరుగుతుంటుంది. రిజిస్టరు మీదే నాకు కునుకు పట్టింది. కలలో ఒక పిల్లవాడు రెండు చేతులూ చాపి, పిట్టగోడ మీద నడిచినట్టు, పేజీలోని గీతల మీద నడుస్తున్నాడు. అతనికి ఏ ముఖం పెట్టాలో నా కలకు తెలియలేదు.

ఇంతకీ, ఆయన్ని 'ఆయన' అనాలా, 'వాడు' అనాలా?

ముద్దులతో,
నీ చిట్టి


శుక్రవారం

నా బంగారు చిట్టికి,

'వాడు' అనే అను. మూడేళ్లవాణ్ని పట్టుకుని 'ఆయన' అంటే పకపకా నవ్వుతాడు.

ముఖం అడిగావు. నుదురు పెద్దది. ఎడమ చెవి కాస్త మడత. ఎవరు ఎక్కడికి బయలుదేరినా 'నేనూ' అనేవాడు. చీపురు తీసినా నేనూ, చెప్పులేసుకున్నా నేనూ. ఆ మాట వాడికి ముందొచ్చిందో, 'అమ్మ' ముందొచ్చిందో చెప్పలేను. నా గౌను అంచు పట్టుకుని నిద్రపోయేవాడు. నేను లేస్తే మేలుకుంటాడని పక్కింటి పిల్లలు పిలుస్తున్నా కదలకుండా కూర్చునేదాన్ని.

వాడికి ఫొటో లేదు. వాణ్ని చూసినవాళ్లలో నేనొక్కదాన్నే మిగిలాను. నేను కూడా వెళ్లిపోతే, ఒక పిల్లవాడు ఉండేవాడని చెప్పడానికి ఈ లోకంలో చిన్న కాగితం ముక్క అయినా ఉండదు. అందుకే తల్లీ, నిన్ను ఇబ్బంది పెడుతున్నాను. వానలు మొదలైన నెలలో చూడు.

మా నాన్న ఊరందరి చావుపుట్టుకలూ రాశాడు. వాడి పేరు చివరికి ఎక్కిందో లేదో నేను అడగలేదు.

వేళకు తిను. అక్షరాలతో కడుపు నిండదు.

దీవెనలతో,
అమ్మమ్మ


మంగళవారం

ప్రియమైన అమ్మమ్మకు,

దొరికింది. దొరకలేదు. రెండూ నిజమే.

ముందు ఒక వింత చెబుతాను. ఆ రిజిస్టర్లో గడులన్నీ ముత్తాత గుండ్రటి రాతే. పేరు గడి మాత్రం ఒక్కో వరుసలో ఒక్కో చేతిరాత! కొన్ని వంకరటింకర, కొన్ని ముత్యాల్లా. ఇదేమిటని తాళాలావిడను అడిగాను.

"అది మీ ముత్తాత పద్ధతట," అంది. "తక్కినవన్నీ తాను రాసి, పేరు మాత్రం ఇంటివాళ్ల చేత రాయించేవాడట. చదువు రానివాళ్లయితే మూడుసార్లు పలికించి, అప్పుడు రాసేవాడట. ఆ ఒక్క మాట ఆఫీసుది కాదు అనేవాడని మా ముందువాళ్లు చెప్పుకునేవారు."

నాకు ఒళ్లు పులకరించింది. ఇలాంటి మనిషి రక్తమా నాది అనుకున్నాను. ఆ పొంగు నాలుగు పేజీలే.

అయిదో పేజీలో నూట పద్నాలుగో వరుస. తేదీ ఉంది. మగ. వయసు మూడు. కారణం జ్వరం. చిరునామా గడియారాల కొట్టు పైవాటా, అంటే మీ ఇల్లే. తండ్రి గడిలో ముత్తాత పేరు. పిల్లవాడి పేరు గడి మాత్రం ఖాళీ. మరక కూడా లేదు.

అమ్మమ్మా, నాకు కోపం ఆగడం లేదు. ఊరందరి చేతా పేర్లు రాయించిన మనిషికి కన్నకొడుకు పేరు రాయడానికి చెయ్యి రాలేదా? నూట పదిహేను నుంచి మళ్లీ అదే గుండ్రటి రాత, ఏమీ జరగనట్టు! గుమాస్తాగిరీ ముఖ్యమైందా, బిడ్డ ముఖ్యమా? ఆయన్ని నేను క్షమించలేను.

తోడబుట్టినవాళ్లు అధికారి ముందుకొచ్చి వాంగ్మూలం ఇస్తే ఇప్పటికైనా పేరు రాయనిస్తారట. కానీ ఎనభై ఒకటో ఏట నిన్ను బస్సెక్కించే ధైర్యం నాకు లేదు. వరుసైతే ఉంది, అంతటితో సరిపెట్టుకుందాం.

దిగులుగా,
నీ చిట్టి


మూడు వారాల తరువాత, బుధవారం

ప్రియమైన అమ్మమ్మకు,

జవాబు లేదు. మామయ్యకు ఫోన్ చేస్తే, "కిటికీ దగ్గర కూర్చుంటోంది, పలకరిస్తే ఊ కొడుతోంది. నువ్వేం రాశావే?" అని నా మీద ఎగిరాడు.

మీ నాన్నను అన్ని మాటలు అనకుండా ఉండాల్సింది. కొత్తగా మాటలు వచ్చిన పిల్లలాగా, చేతికందిన ప్రతి మాటా విసిరేశాను. తిట్టు, పడతాను. ఊరికే మాత్రం ఉండకు.

నీ చిట్టి


ఆదివారం

నా చిట్టితల్లికి,

నీ మీద కోపం కాదు. మా నాన్న పడాల్సిన నింద కాదది. నాది.

తమ్ముడు పోయిన నాలుగోరోజు నాన్న నన్ను ఆఫీసుకు తీసుకెళ్లాడు. అమ్మ మంచం దిగడం లేదు, ఆమెకు రాయడమూ రాదు. నాకు తొమ్మిదేళ్లు. నా రాత బాగుంటుందని బళ్లో పేరు. నాన్న గడులన్నీ నింపి, రిజిస్టరు నా వైపు తిప్పి, కలం నా చేతికిచ్చాడు. "ఈ కుర్చీలో ఉన్నంతసేపూ నేను గుమాస్తానమ్మా. ఇంటి తరఫున నువ్వు రాయాలి," అన్నాడు.

కలం బల్ల మీద పెట్టేసి, చేతులు వెనక్కి కట్టుకున్నాను.

"రాస్తే పోయినట్టేగా నాన్నా? రాయకపోతే?" అన్నాను.

నాన్న బల్ల మీది కలం తీసి పక్కన పెట్టాడు. "సరే. నీకెప్పుడు రాయాలనిపిస్తే అప్పుడు చెప్పు," అని పుస్తకం మూసేశాడు. వీధిలో నా చెయ్యి వదలకుండా నడిచాడు.

మళ్లీ అడగలేదు. రిటైరై ఇంటికొచ్చిన రోజు చేతులు కడుక్కుంటూ, నాకు వినబడేలా, "ఒక్క వరుస ఉండిపోయిందే," అన్నాడు. నేను గిన్నెలు సర్దుతున్నట్టు నటించాను. ఆ తరువాత ఎప్పుడైనా తనే రాసేసి ఉంటాడులే అని ఇన్నాళ్లూ సర్దిచెప్పుకున్నాను. రాయలేదని నీ ఉత్తరంలో చదివాను. నాకిచ్చిన మాట కోసం, కొడుకు గడి ఖాళీగా ఉంచుకునే బతికాడు.

నేను రాయకపోతే వాడు ఉంటాడనుకున్నాను తల్లీ. రాయకపోవడం వల్లే వాడు ఎక్కడా లేకుండా పోయాడు.

గురువారం పొద్దున బస్సుకు వస్తున్నాను. మామయ్య వద్దంటే, వద్దన్నవాడి చేతే టికెట్ తీయించాను. తాళాలావిడకు, ఆ అధికారికి ముందే చెప్పి ఉంచు.

ఆలోగా ఆ గడి వెడల్పు ఎంతో స్కేలుతో కొలిచి, మామయ్యకు ఫోన్లో చెప్పు. అంకెలైనా సరిగ్గా అప్పజెబుతాడు. వాడి పేరు పొడుగు, నా చెయ్యేమో వణుకుతోంది. పట్టేలా రాయడం కాగితాల మీద సాధన చేస్తున్నాను.

నీ రాకకై చూసే,
అమ్మమ్మ

(చూశావా, అలవాటు కొద్దీ రాశాను. ఈసారి వచ్చేది నేను.)