తెల్ల గొడుగు ముట్టుకోవద్దు

ఏమండీ, డ్యూటీకి వెళ్తున్నా. పాలు కాచి పెట్టాను, పిల్లలు లేవగానే పట్టండి. హాల్లో కుర్చీకి కట్టిన తెల్ల గొడుగు జోలికి మాత్రం పోకండి. మొన్న వానొస్తోందని మీరు విప్పుకుపోతే, మళ్లీ దానికి ఫ్లాష్ లైటు కుదిర్చేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. ఎండ సూటిగా పడకుండా కిటికీకి కట్టిన దుప్పటి కూడా ఉతకడానికి వేయకండి.

ఇల్లు పీకి పందిరేశానని మీ అక్కయ్య అంటే అననివ్వండి. పిల్లల్ని ఇక ఫొటో స్టూడియోకి తీసుకెళ్లేది లేదు. పోయినసారి అక్కడాయన "కదలకు, నవ్వు" అని గద్దిస్తే చిన్నది బిక్కచచ్చిపోయింది. ఆ ఫొటోలో ఉన్నది మన పిల్లేనా అని నాకే అనుమానం. ఇంట్లో అయితే అది మంచమెక్కి గెంతుతూనే ఉంటుంది, నేను తీస్తూనే ఉంటాను. సాయంత్రం రాగానే మళ్లీ తీస్తాను, ఎవరేమనుకున్నా సరే.

అన్నట్టు, ఫ్లాష్ వెలిగితే పిల్లలు అదిరిపడతారన్నారుగా? కెమెరాలో చివరి ఫొటో చూడండి. నిన్న మధ్యాహ్నం మీరు నిద్రపోతుంటే, ఇద్దరూ మీ పొట్ట మీదే పడుకున్నారు. ఫ్లాష్ మీ మీదికి కాకుండా గొడుగులోకి తిప్పి వెలిగించాను, వెలుతురు మెత్తగా పడింది. పిల్లలు కదల్లేదు. మీరైతే గురక కూడా ఆపలేదు.