రెండో చరణం ముందు ఊపిరి

గౌరవనీయులైన గాయని గారి సముఖానికి,

వినికిడి మిషన్లు అమ్మే చిన్న దుకాణంలో, అద్దాల గదిలో కూర్చుని జనానికి చెవులు పరీక్ష చేసే ఉద్యోగి ఒళ్ళు దగ్గర పెట్టుకుని రాసుకుంటున్న విన్నపం.

నాకు హిందీలో మొత్తం పద్దెనిమిది మాటలు వచ్చు. అందులో పదకొండు మీ పాటల్లోంచి ఏరుకున్నవే. కాబట్టి మీ కొత్త సినిమా పాట, అదే, హీరోయిన్ రైలు కిటికీ పక్కన ఊరికే కూర్చునే పాట, దాని అర్థం గురించి మాట్లాడే అర్హత నాకు లేదు. నా చెవులకు మాత్రం మరోదాని గురించి మాట్లాడే అర్హత ఉంది. అందరూ మీరు పైస్థాయి అందుకున్న తీరును పొగుడుతున్నారు. పొగడనివ్వండి. మా అక్క కూడా దాన్ని అందుకోబోయి పక్కింటివాళ్ళ చేత తలుపులు వేయించింది.

నేను చెప్పేది వేరు. రెండో చరణం ఎత్తుకునే ముందు, వాయిద్యాలన్నీ ఆగిన ఆ అరక్షణంలో ఒక ఊపిరి వినబడుతుంది. చెప్పాలా వద్దా అని గుమ్మంలో నిలబడిపోయిన మనిషి పీల్చే ఊపిరి అది. ఈ వారంలో నలభై రెండుసార్లు విన్నాను. మీ దృష్టికి తేవడం నా విధి అనిపించింది.

మీ పాట విన్నాక మిగతా పాటలకు కాస్త చెవుడొచ్చిన,
చెవుల పరీక్షకుడు

తా.క.: జవాబు తెలుగులో ఇప్పిస్తే నా పద్దెనిమిది మాటలూ అలసిపోకుండా ఉంటాయి.

*

అయ్యా,

తెలుగు ఉత్తరాలన్నీ నా బల్ల మీదికే వస్తాయి. మీ ఫిర్యాదు అందింది. రెండో చరణం ముందు ఊపిరి వినిపించడం మా పొరపాటే. నలభై రెండుసార్లు మీకు ఇబ్బంది కలిగినందుకు చింతిస్తున్నాం. పాటను మళ్ళీ విడుదల చేసేటప్పుడు ఆ ఊపిరిని తుడిచేయమని రికార్డింగ్ ఇంజనీరు గారికి చెప్తున్నాం.

గాయని గారి కార్యాలయం,
ఉత్తరాల బల్ల

తా.క.: పక్కింటివారి తలుపుల విషయంలో మా కార్యాలయానికి ఏ బాధ్యతా లేదు.

*

కార్యదర్శి గారూ,

కొంప ముంచారండీ! నేను పొగిడితే మీరు ఫిర్యాదుల ఫైల్లో పెట్టేశారు. నా పొగడ్త ఫిర్యాదులా వినబడితే మీరొకసారి మా దుకాణానికి రావాలి. మీకు పరీక్ష ఉచితం.

జరిగింది చెప్తాను. మా దగ్గరికి ఒక తాతగారు వచ్చారు. నలభై ఏళ్ళు లేతు మిషన్ దగ్గర పనిచేస్తే ఆ రొద ఆయన చెవుల్ని తినేసింది. కూతురు బలవంతాన లాక్కొచ్చింది. మిషన్ పెట్టి, "ఏం వినబడుతోంది తాతగారూ?" అని అడిగాను. "నీ గోల," అన్నారు. తీసి పారేయబోతుంటే, ఏం తోచక ఆ పాట పెట్టాను. పల్లవికి కదల్లేదు. పైస్థాయికి ఆవులించారు. రెండో చరణం ముందు మాత్రం చటుక్కున వెనక్కి తిరిగారు. "ఎవరో ఊపిరి తీసుకున్నారు," అన్నారు. వెనక ఎవరూ లేరు.

"మనిషి ఊపిరి విని తొమ్మిదేళ్ళయింది బాబూ," అని, మిషన్ తీయడానికి ఒప్పుకోలేదు.

అప్పటినుంచీ ఎవరికి మిషన్ పెట్టినా ఆ ఊపిరి వినబడేదాకా సరిచేస్తాను. అది వినబడితే నా పని సరిగ్గా ఉన్నట్టు. మీరు తుడిచేస్తే నాకు కొలబద్ద పోతుంది, వాళ్ళకి వెనక ఉన్న మనిషి పోతాడు. దయచేసి ఆపండి.

మీ కాళ్ళ మీద పడడానికి సిద్ధంగా ఉన్న,
చెవుల పరీక్షకుడు

తా.క.: మీకు గుబురు మీసాలూ, నెత్తి మీదికి తోసిన కళ్ళజోడూ ఉన్నట్టు ఊహించుకుంటున్నాను. తప్పయితే చెప్పండి.

*

అయ్యా,

తాతగారికి నా నమస్కారాలు చెప్పండి. కానీ పాటలో ఊపిరి వినబడకూడదు. మైకు నుంచి ముఖం పక్కకు తిప్పి, చప్పుడు కాకుండా తీసుకోవాలి. అది మొదటి పాఠం. ఆ రోజు ఆ గొంతుకు జలుబు, పైగా మూడంతస్తుల మెట్లు గబగబా ఎక్కి రావడం. అందులో కళ ఏమీ లేదు. తుడిచేయడమే అందరికీ మంచిది. వచ్చే సోమవారం తుడుస్తారు.

ఉత్తరాల బల్ల

తా.క.: మీ ఊహలో కళ్ళజోడు ఒక్కటే నిజం.

*

కార్యదర్శి గారూ,

జలుబు చేస్తేనే ఇంత బావుంటే, ఆమె ఆరోగ్యం కోరుకోవాలా మానాలా అని తెగ మథనపడుతున్నాను.

ఇందుతో ఇరవై ఆరు సంతకాలు జత చేశాను. ఇద్దరు దేనికి పెడుతున్నారో వినబడకుండానే పెట్టారు. మిషన్ తగిలించి మళ్ళీ అడిగితే, మరింత గట్టిగా పెట్టారు.

శనివారం మా ఊళ్ళో ఆమె కచేరీ ఉంది కదా. తాతగారితో కలిపి పదకొండుమందిమి, మిషన్లతో సహా, ముందు వరుసలో ఉంటాం. ఆ చోట ఆమె అదే ఊపిరి తీసుకుంటే మీరు సోమవారం తుడవకూడదు. రాకపోతే అది జలుబేనని ఒప్పుకుని నోరు మూసుకుంటాం. ఈ పందెం సంగతి ఆమెకు చెప్పండి.

పట్టు విడవని,
చెవుల పరీక్షకుడు

తా.క.: మీసాలు ఎప్పుడు తీసేశారు?

*

బాబూ,

దయచేసి రావద్దు. వచ్చినా ముందు వరుసలో కూర్చోవద్దు. ఆమె ఇప్పుడిప్పుడే పైకి వస్తున్న మనిషి. ఇంకా నాలుగు సినిమాలే అయ్యాయి. ఒక్క ఊపిరి కోసం ఆమెను అంతమంది ముందు పరీక్షకు నిలబెట్టకండి.

తా.క.: ఇది ఆఫీసు ఉత్తరం కాదు. అందుకే ముద్ర వేయలేదు.

*

కార్యదర్శి గారూ,

క్షమించండి, వచ్చాం. మీ ఉత్తరం చదివాక నేను మానేద్దామనే అనుకున్నాను. తాతగారు అప్పటికే ఇస్త్రీ చొక్కా వేసుకుని దుకాణం మెట్ల మీద కూర్చున్నారు.

ఆ పాట వచ్చింది. మొదటి చరణం అయింది. వాయిద్యాలు ఆగాయి. ఆమె ఏం చేశారో తెలుసా? మైకు కిందికి దించేసి, పక్కనున్న కోరస్ వాళ్ళవైపు తిరిగి నిలబడ్డారు. పెదవులు కదల్లేదు. అయినా ఊపిరి వచ్చింది! అదే ఊపిరి, హాలంతా! తాతగారు నా మోచెయ్యి పట్టుకుని "అదే, అదే," అన్నారు.

మైకు లేకుండా, నోరు తెరవకుండా ఊపిరి వినిపించడం! మీరు చెప్పిన మొదటి పాఠం ఇప్పుడు చించేయాలి. ఇలాంటి విద్య ఇంతకుముందు ఎవరిలోనైనా చూశారా?

పందెం గెలిచి పొంగిపోతున్న,
చెవుల పరీక్షకుడు

తా.క.: తాతగారు మాత్రం ఊపిరి ఆమె దగ్గర్నుంచి రాలేదని, కోరస్‌లో చివర నిలబడ్డ కళ్ళజోడు ఆవిడ దగ్గర్నుంచి వచ్చిందని వాదిస్తున్నారు. మిషన్‌కి దిక్కు తప్పినట్టుంది. విప్పి చూడాలి, మంగళవారం రమ్మన్నాను.

*

బాబూ,

తాతగారి మిషన్ ముట్టుకోకండి. అది శుభ్రంగా ఉంది.

ఆ చివర నిలబడ్డ కళ్ళజోడు ఆవిడను నేనే. పొద్దున ఉత్తరాలు, మధ్యాహ్నం ట్రాకులు. ట్రాక్ అంటే, అసలు గాయని పాట నేర్చుకోవడానికి ముందుగా నాలాంటివాళ్ళు పాడి పెట్టేది. ఆమె పాడాక మాది తుడిచేస్తారు. ఇరవై ఏళ్ళుగా పాడుతున్నాను. ఎక్కడా నేను ఉండను. ఈ పాటలో ఒక్క ఊపిరి తుడవడం మరిచిపోయారనుకున్నాను. జలుబు నాది, మెట్లెక్కింది నేను. మీ మొదటి ఉత్తరం చూడగానే భయం పట్టుకుంది. సంగతి బయటపడితే, పాటే తనది కాదని లోకం ఆమె మీద పడుతుంది. అందుకే దాన్ని ఫిర్యాదుగా మార్చేశాను.

శనివారం మధ్యాహ్నం ఇక దాచలేక మీ ఉత్తరాలన్నీ ఆమెకు హిందీలో చదివి వినిపించాను. మీ అక్కయ్య సంగతికి పొట్ట పట్టుకుని నవ్వారు. తాతగారి దగ్గర నవ్వు ఆపేశారు.

"ఎవరూ మరిచిపోలేదు దీదీ," అన్నారు. "నేను ఆరుసార్లు తీసుకుని చూశాను. ప్రతిసారీ నా ఊపిరి నటించింది, నీది నటించలేదు. నీది ఉంచమని నేనే చెప్పాను. నీతో చెప్పడానికే మొహం చెల్లలేదు."

సాయంత్రం ఆ ఊపిరి నా మైకులోంచి వినబడాలనే ఆమె తన మైకు దించారు. మీరు చూసి కూడా ఇంకేదో రాశారు. సోమవారం తుడుపు రద్దయింది.

ఆమె తరఫున వేల ఉత్తరాలకు ధన్యవాదాలు రాశాను బాబూ. ఇది నా తరఫున: ధన్యవాదాలు.

ఏనాడూ మీసాలు లేని,
మీ కార్యదర్శి

తా.క.: కొత్త పాటలో నాకు రెండు పంక్తులు ఇచ్చారు. ఇవి తుడవరట. వాటి ముందు ఊపిరి మాత్రం తనదే ఉండాలని ఆమె పంతం, రోజూ మూడంతస్తులూ ఎక్కి దిగి సాధన చేస్తున్నారు. పాట రాగానే తాతగారికి వినిపించండి. నటించినట్టుంటే ఫిర్యాదు ఇటే పంపండి. ఆ ఫైలు ఇంకా నా బల్ల మీదే ఉంది.