నూనె గుడ్డలు

జూన్ 2

పెరట్లో ఆప్రికాట్ చెట్టు కింది తప్చాన్‌ను ఇవాళ నేనూ మా మరిది అక్రమూ కలిసి పక్కకు ఒరిగించాం. ఎండాకాలమంతా ఇంటిల్లిపాదీ ఎక్కి కూర్చుని తినేది ఈ పెద్ద చెక్క మంచం మీదే. ఒక కాలు చెద తినేసింది. వేలు పెడితే పిండిలా రాలింది. పలకలు విరిగాయి. పైన ఎప్పటిదో నీలం పెయింటు, పొలుసులుగా లేస్తోంది.

ఈ నెలాఖరుకు అక్రమ్ పెళ్లి. అంతకు ముందే పెళ్లికూతురి వాళ్లు ఇల్లు చూడటానికి వస్తారు. కొత్తది కొందామన్నాడు అక్రమ్. మా అత్తయ్య ఒప్పుకోలేదు. "మీ నాన్న తన చేత్తో చేశాడు. దీని మీద కూర్చోలేని వియ్యంకులు నాకక్కర్లేదు" అంది. తర్వాత నా వైపు తిరిగి, "వడ్రంగి కూతురివి కదే సనవ్బర్. ఇన్నేళ్లు నా రొట్టె తిన్నావు, ఇప్పుడైనా ఆ పనితనం చూపించు" అంది. నవ్వుతూనే అంది. ఆవిడ నవ్వు అలాగే ఉంటుంది.

జూన్ 4

రోజంతా గీకుడే. నీలం కింద ఆకుపచ్చ, దాని కింద మళ్లీ నీలం. గోళ్లలో పెయింటు. మా ఆయన నూరిద్దీన్‌కు ఫోటో పంపాను. చూసినట్టు గుర్తు పడింది. జవాబు లేదు. మాస్కోలో బిల్డింగ్ పని, తీరిక ఉండదు.

జూన్ 6

మల్బరీ మొద్దు చెక్కి కొత్త కాలు బిగించాను. గొడ్డలి దెబ్బకు బొటనవేలు కమిలింది. తప్చాన్ నిలబడింది. ఎక్కి గెంతి చూశాను. కిర్రుమనలేదు. మా నాన్న ఉంటే ఏదో ఒక వంక పెట్టేవాడు.

జూన్ 8

నూరిద్దీన్ ఫోన్ చేశాడు. ఇవాళ రాయలేను.

జూన్ 9

నిన్న అత్తయ్య మాట్లాడుతుందని ఫోన్ స్పీకర్‌లో పెట్టాను. తప్చాన్ మీద పెట్టి పక్కన శాండ్ పేపర్ రుద్దుతున్నాను. అమ్మను పలకరించాడు. పెళ్లి ఖర్చులకు పంపుతానన్నాడు. తర్వాత నా పేరు పిలిచి తలాక్ అన్నాడు. మూడుసార్లు. మధ్యలో ఒకసారి దగ్గాడు. అక్కడ ఒకామె ఉందట, ఆమెతో ఉంటే అక్కడే ఉండిపోయే కాగితాలు దొరుకుతాయట, నా మీద కోపం ఏమీ లేదట.

అత్తయ్య ఫోన్ దగ్గరికి వంగి, "అమ్మ వింటోందని తెలిసే అన్నావా?" అని అడిగింది. వాడు పెట్టేశాడు.

ఆవిడ చెట్టుకేసి తిరిగి, "తందూరులో రొట్టె మాడుతోంది, చూడు" అంది. వెళ్లి చూశాను. నిజంగానే మాడుతోంది.

జూన్ 11

మహల్లా పెద్ద, మా వాడలో తగువులు తీర్చే మిర్జోబాబా వచ్చాడు. మా అన్న తోలిబ్ వాడి ఊరు కొనిబోదోమ్ నుంచి వచ్చాడు. నన్ను తీసుకెళ్తానన్నాడు కానీ ఆ మాట నేలకేసి చూస్తూ అన్నాడు. వాడి ఇల్లు నాకు తెలియదా. ఒకటే గది, దాని నిండా వాడి పిల్లలు.

తీర్పు మిర్జోబాబా చెప్పలేదు, అత్తయ్య చెప్పింది. "కొడుకు వదిలేశాడు, నేను వదల్లేదు. వెనక గది సనవ్బర్‌ది, దాని కూతురిది. నా మనవరాలు నా గుమ్మం దాటదు. ఇష్టం లేనివాణ్ణి మాస్కోలోనే ఉండమనండి."

మిర్జోబాబా గడ్డం దువ్వుకుని, ఇక మాతో పనేముంది, టీ పొయ్యండి అన్నాడు.

అన్న వెళ్లాక శాండ్ పేపర్ పట్టుకుని కూర్చున్నాను. అప్పుడొచ్చింది ఏడుపు. అత్తయ్య వచ్చి పక్కన కూర్చుంది. నా చేతిలోంచి కాగితం తీసుకుని తనే రుద్దింది, అడ్డంగా, చెక్క నారకు ఎదురుగా. అలా రుద్దకూడదని నేను చెప్పలేదు.

జూన్ 14

అవిసె నూనె మొదటి పూత. నూనె తగలగానే చెక్క తేనె రంగుకు తిరిగింది. నా కూతురు మహీనా అరచేత్తో నిమిరి, ఇది మన తప్చానేనా అని అడిగింది.

తుడిచిన గుడ్డల్ని విడివిడిగా గోడ మీద ఆరేశాను. నూనె గుడ్డలు ముద్ద చేసి పెడితే లోపల్లోపల వేడెక్కి అంటుకుంటాయి. మా నాన్న ఒక పనివాణ్ణి ఇందుకోసమే కొట్టాడు.

జూన్ 15

పొద్దున్నే రెండో పూత పల్చగా వేసి, పొడిగా తుడిచేశాను. గుడ్డలు గోడ మీద పరిచాను. మధ్యాహ్నానికి పెళ్లికూతురి వాళ్లు వచ్చారు. పైన దుప్పట్లు పరిచి వాళ్లను తప్చాన్ మీదే కూర్చోబెట్టారు. నన్ను వెనక గదిలో ఉండమంది అత్తయ్య. "నిన్ను దాచాలని కాదమ్మా. వదిలేసిన కోడలు ఎదురైతే వాళ్ల నోళ్లు ఊరుకోవు" అంది. పలావు వాసన నా గదికి వచ్చింది. తప్చాన్ బాగుందని ఎవరో ఆడమనిషి అంటోంది. కొత్తదా అని అడిగింది.

వాళ్లు వెళ్లీ వెళ్లగానే కొట్టుగదిలోంచి పొగ. పెళ్లికని చలికాలమంతా కూర్చుని అత్తయ్య కుట్టిన పరుపులూ బొంతలూ అందులోనే ఉన్నాయి. అక్రమ్ లోపలికి దూరాడు. రెండు బొంతలు ఈడ్చుకొచ్చాడు. మోచేతుల దాకా చర్మం ఊడింది. పిచ్చివాడిలా మళ్లీ లోపలికి పోబోయాడు. మేం పట్టుకున్నాం. పైకప్పు కూలింది.

జూన్ 16

గోడ మీద గుడ్డలు లేవు.

అత్తయ్యను అడిగాను. "పెళ్లివాళ్లు వస్తుంటే ఆ మురికి గుడ్డలు గోడ మీద ఏం బాగుంటాయి? తీసి బాల్చీలో కుక్కి కొట్టుగదిలో పడేశాను. అయితే ఏం?" అంది. చెప్పాను. నా ముఖంలోకి చూసింది. "గుడ్డ తనంతట తాను అంటుకుంటుందా? ఇంకెవరి దగ్గరా ఇలా వాగకు" అంది. లేచి వెళ్లిపోయింది.

జూన్ 17

ఆసుపత్రిలో అక్రమ్ నన్ను మంచం దగ్గరికి రానివ్వలేదు. "మా అన్న మీద కసి నా పెళ్లి మీద తీర్చుకున్నావు. నిన్ను వదినా అని పిలిచాను" అన్నాడు. చేతులకు కట్లు. ముక్కు మీద ఈగ వాలితే తోలుకోలేక తల విదిలించాడు. నేను తోలబోతే ముఖం తిప్పేసుకున్నాడు.

మహల్లాలో ఆడవాళ్లంతా ఇదే మాట. రొట్టె కోసం వెళ్తే మాటలు ఆగిపోయాయి.

జూన్ 19, కొనిబోదోమ్

నిన్నటిది ఇవాళ రాస్తున్నాను.

పొద్దున్న పెద్దలంతా వచ్చారు. తప్చాన్ ఎక్కి కూర్చున్నారు. మా అన్నకు ముందే కబురు పెట్టారు. అంటే నన్ను పంపేయాలన్న నిర్ణయం అయిపోయిందన్నమాట. మంట ఎలా పుట్టిందో చూపిస్తాను, కాస్త ఆగండి అన్నాను. వాళ్ల ముందే పాత గుడ్డలు నూనెలో తడిపి, పిండి, బాల్చీలో కుక్కాను. ఆ రోజు గుడ్డలు బాల్చీలో వేసిందెవరని మిర్జోబాబా అడిగాడు. అత్తయ్య టీ పోస్తోంది. చెయ్యి ఆగింది. ఎవరో సర్ది ఉంటారన్నాను. మళ్లీ పోసింది.

మబ్బు పట్టింది. కొండ మీంచి చల్లగాలి. పెద్దలు టీ తాగారు, మధ్యాహ్నం నమాజు చేసుకొచ్చారు, మళ్లీ తాగారు. చెయ్యి పెట్టి చూడండి, వేడెక్కుతోంది అన్నాను. మిర్జోబాబా పెట్టాడు. "నా టోపీ కింద ఇంతకన్నా వేడిగా ఉంది కూతురా" అన్నాడు. అందరూ నవ్వారు. చెడ్డ నవ్వు కాదు. అదే భరించలేకపోయాను.

ఎవరూ పొమ్మనలేదు. అన్న లేచి నా మూట తీసుకున్నాడు. మహీనా నానమ్మ కొంగు పట్టుకుంది. వేళ్లు ఒక్కొక్కటీ విడదీసింది అత్తయ్యే.

గుమ్మం దగ్గర, అత్తయ్యా, ఆ బాల్చీ అలా వదిలేయకండి, నీళ్లు పోయండి అన్నాను. తల ఊపిందో లేదో తెలియలేదు.

జూన్ 20

అత్తయ్య ఫోన్ చేసింది. మొన్న మేం వెళ్లాక ఎండ కాసిందట. సాయంత్రం నమాజుకు ముందు బాల్చీలోంచి పొగ లేచిందట, చూస్తుండగానే మంట. తనే నీళ్లు పోసిందట.

ఎవరైనా చూశారా అని అడిగాను.

ఎవరూ చూడలేదు అంది. ఎవరూ చూడలేదు అని మళ్లీ అంది.

మహీనా అన్నం తిందా అని అడిగింది. తిందన్నాను.