ఓనరు ఎవులు?

లంగరు సాఫ్ట్‌వేర్ కంపెనీ వారికి,
వన్ టౌన్ ఎండుసేపల కొట్టు జగ్గయ్య నమస్కారం పెట్టి రాయడమేటంటే,

మా కొట్లో ఆర్డర్లు పట్టే యాప్ ఒకటుంది, బిల్లులు రాసే మీ యాప్ ఒకటుంది. రెండూ కలిపేత్తే ఆర్డరు పడగానే బిల్లు దానంతటదే వచ్చేత్తాదని మీవోళ్ళే సెప్పేరు. కలపబోతే "మీకు అనుమతి లేదు" అని ఎర్రక్షరాలొచ్చినాయి. ఉక్కునగరం నుంచి, హైదరాబాదు నుంచి ఆర్డర్లు. సేత్తో బిల్లులు రాయలేక సత్తన్నాం. మా తాత సముద్రం మీదికెళ్ళడానికే ఎవుల్నీ అనుమతి అడగలేదు. నా కొట్టుకి నాకేటి అనుమతి?

ఇట్లు,
జగ్గయ్య, ఓనరు

తా.క.: ఆ ఎర్రక్షరాలు మా బోటు కలాసీల ముందరే వచ్చినాయి.

---

గౌరవనీయులైన జగ్గయ్య గారికి,
నమస్కారం. రెండు యాప్‌లు కలపాలంటే ఖాతా ఓనరు ఒప్పుకోవాలండి. మీ పేరుకి చూసే హక్కు మాత్రమే ఉంది. ఓనరుకి నా పేరుతో అభ్యర్థన పంపాను. వారు "సరే" నొక్కితే చాలు.

ఇట్లు,
రోజలిన్, కస్టమర్ సహాయం

తా.క.: ఓనరు గారిని మీరూ ఒకసారి మంచిగా అడిగి చూడండి.

---

అమ్మా రోజలిన్,
ఓనర్ని అడగమన్నావు. అద్దంలో సూసుకుని అడిగేను. ఒప్పుకున్నాడు. అయినా కలవలేదు. ఇందుతో నా ఫొటోలు పెడతన్నాను: కొట్టు బోర్డు కింద ఒకటి, బోటు మీద ఒకటి, సింహాచలం మెట్ల మీద ఒకటి. ఓనర్ని నానేనని మా బోటు సంఘం ప్రెసిడెంటు కృష్ణంరాజు గారు రాసి సంతకం పెట్టేరు. అదీ పంపుతన్నాను.

ఇట్లు,
ముమ్మాటికీ ఓనరు, జగ్గయ్య

తా.క.: సింహాచలం ఫొటోకీ కొట్టుకీ సంబంధం లేదు. బాగా వచ్చిందని పెట్టేను.

---

జగ్గయ్య గారికి నమస్కారం.
ఫొటోలు బాగున్నాయండి. కానీ ఖాతాలో ఓనరు పేరు పోతమ్మ అని ఉంది. నేను అభ్యర్థన పంపిన ప్రతిసారీ ఆవిడ తిప్పికొడుతున్నారు. ఈసారి కారణం కూడా రాశారు: "నువ్వెవులివే?"

ఇట్లు,
రోజలిన్

తా.క.: ఆవిడ మీకు తెలిసినవారేనా?

---

అమ్మా రోజలిన్,
పోతమ్మ నా భార్య. ఖాతా తెరిచింది ఆమేనట. ఆమె ఫోన్లో "రోజలిన్ మీ ఖాతాలోకి రావడానికి అనుమతి కోరుతున్నారు" అని పడిందట. ఎవులీ రోజలిన్, మన కొట్లోకెందుకొత్తాది అని అడిగింది. నాకు సాయం సేసే అమ్మాయి అన్నాను. అలాగ అనకుండా ఉండాల్సింది. ఆ పూట అన్నం పెట్టింది గానీ పులుసు పెట్టలేదు. రేపు తగరపువలస సంత నుంచి నేరుగా మీ ఆపీసుకొత్తాదట.

ఇట్లు,
జగ్గయ్య

తా.క.: నీ పెళ్ళి ఫొటో ఏదైనా ఉంటే బల్ల మీద పెట్టుకో తల్లీ.

---

జగ్గయ్య గారికి నమస్కారం.
పోతమ్మ గారు వచ్చారు. నన్ను కాసేపు తేరిపార చూశారు. "ఎవులడిగినా అనుమతి ఇవ్వొద్దని బేంకోళ్ళు సెప్పేరు. అందుకే మొకం సూడ్డానికొచ్చేను" అన్నారు. ఆర్డర్లు చదివే అనుమతి, బిల్లులు రాసే అనుమతి, దేనికది నాచేత చదివించుకుని, అప్పుడు నొక్కారు. యాప్‌లు కలిశాయి. జగ్గయ్య గార్నీ ఓనర్ని చేయమంటారా అని అడిగాను. ఆలోచించి చెప్తానన్నారు.

ఇట్లు,
రోజలిన్

తా.క.: ఎండు నెత్తళ్ళు ఇచ్చి వెళ్ళారు. ఆఫీసంతా వాసన. మా మేనేజరు మాత్రం ఇంకా ఉన్నాయా అని అడిగారు.

---

అమ్మా రోజలిన్,
బిల్లులు వాటంతటవే వచ్చేత్తన్నాయి. నాకు నిన్ననే తెలిసిన సంగతొకటి సెప్తాను. మా సందులో ఎండుసేపలమ్మే ఆడోళ్ళందరి సేతా ఈ యాప్‌లు పెట్టించింది మా పోతమ్మేనట. నీ దగ్గర సూసొచ్చిందో లేదో, ఆళ్ళ పక్కన కూకుని ఒక్కో కొట్టు యాప్‌లూ కలిపించేసింది. నాకెందుకు సెప్పలేదే అంటే, "నువ్వెప్పుడడిగేవు?" అంది.

జెట్టీ మీద ప్రతి బోటు కాడా ఆగి మరీ ఈ మాట సెప్పేను. కృష్ణంరాజు గారికైతే రెండుసార్లు సెప్పేను.

ఇట్లు,
ఓనరు పోతమ్మ గారి పెనిమిటి, జగ్గయ్య

తా.క.: ఆలోచించింది. ఓనర్ని సెయ్యలేదు గానీ, ఖాతాలో అభిప్రాయం రాసే హక్కు ఇచ్చింది. "సేనా బాగుంది" అని రాసేను.